చౌరా దీవి కుమ్మరి స్త్రీలు

బంగాళాఖాతపు ఆగ్నేయ భాగంలో, పదవ ఉత్తర అక్షాంశానికి దిగువన, ఎనిమిది చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తీర్ణం గల చిన్న దీవి ఒకటి ఉన్నది. దేశపటంలో దానిని వెదకి పట్టుకోవాలంటే భూతద్దం కావలసివస్తుంది. దాని పేరు చౌరా. స్థానికులు తమ భాషలో దానిని సనేన్యో అంటారు. దక్షిణపు కొసన నిట్టనిలువుగా లేచిన ఒక రాతిగుట్ట తప్ప మిగిలిన నేలంతా చదును. చుట్టూ పగడపు దిబ్బలు, తీరం పొడవునా కొబ్బరి తోటలు.

ప్రకృతి ఈ దీవికి ఇచ్చిన ఆస్తి బహు స్వల్పం. పడవ తొలవడానికి తగిన మహావృక్షాలు లేవు. మంచినీటికి సైతం కటకట. కుండలు చేయడానికి పనికివచ్చే మన్ను అసలే లేదు. అయినప్పటికీ అనేక తరాలపాటు నికోబార్ దీవులన్నిటికీ వంటకుండలు సమకూర్చిపెట్టినది ఈ చౌరాయే. మన్ను లేని చోట కుమ్మరం ఎలా పుట్టింది? ఎలా నిలిచింది? ఇకముందు నిలుస్తుందా? ఒక చిన్న జాతి తన చేతి విద్యను ఆధారం చేసుకొని సముద్రం మధ్య గౌరవంగా బ్రతికిన చరిత్ర ఈ ప్రశ్నలలో ఇమిడి ఉన్నది.

పది డిగ్రీల జలసంధి దాటి

అండమాన్‌కు ప్రయాణమనగానే తెలుగువారికి చెన్నై, విశాఖపట్నం రేవులు గుర్తుకువస్తాయి. చెన్నై నుంచి ఓడ సుమారు 1,200 కిలోమీటర్లు ప్రయాణించి పోర్ట్ బ్లెయిర్ చేరుతుంది. ఈ నగరానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడి బజారులో తెలుగు మాట వినిపించడం వింతేమీ కాదు. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపసముదాయంలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వలస వచ్చిన బెస్తవారు, కూలీలు, చిన్న వర్తకులు మూడు నాలుగు తరాలుగా అక్కడ స్థిరపడ్డారు.

కాని చౌరాకు పోవాలంటే ప్రయాణం అక్కడితో ముగియదు. దక్షిణంగా సాగి, అండమాన్‌ను నికోబార్ నుంచి వేరుచేసే పది డిగ్రీల జలసంధిని దాటాలి. మొదట కార్ నికోబార్ వస్తుంది. అక్కడి నుంచి ఇంకొక 80 కిలోమీటర్ల దూరంలో చౌరా. దానికి కొద్ది దూరంలో, దక్షిణాన, తెరెస్సా, బొంపోకా దీవులు కనిపిస్తుంటాయి.

నికోబార్ దీవులు గిరిజన రక్షిత ప్రాంతాలు. 1956లో అమలులోకి వచ్చిన ఆదిమజాతుల రక్షణ నిబంధనల ప్రకారం ప్రత్యేక అనుమతి లేనిదే వెలుపలివారు అడుగుపెట్టరాదు. అందువల్ల విహారయాత్రికులు చౌరాను చూడలేరు. అయితే ఈ దీవులు బయటి ప్రపంచానికి తెలియనివి కావు. పదకొండవ శతాబ్దపు రాజేంద్ర చోళుని శాసనంలో మానక్కవరం అన్న పేరుతో పేర్కొన్నది నికోబార్‌నే. తూర్పు దేశాలకు పోయే నావలకు ఇవి దారిలో మజిలీలు.

2011లో చౌరా జనాభా 1,270. ఆ చిన్న నేలకు అది తక్కువ సంఖ్య కాదు. నికోబార్ దీవులలో జనసమ్మర్దం అధికంగా గల దీవిగా దీనికి చిరకాలంగా పేరున్నది. ఇంతమందికి నేల ఒక్కటే తిండి పెట్టలేదు. ఆ లోటును పూడ్చినది స్త్రీల చేతి పని.

ఒక్క దీవికే దక్కిన విద్య

పందొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో ఎడ్వర్డ్ హొరేస్ మాన్ అనే బ్రిటిష్ అధికారి ఈ దీవులలో చాలాకాలం ఉద్యోగం చేశాడు. నికోబారీల భాషను నేర్చి, వారి జీవన విధానాన్ని ఓపికగా గమనించి వ్రాసిపెట్టాడు. 1894లో ఆయన నికోబార్ కుండల గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రకటించాడు. చౌరా కుమ్మరం గురించి ఈనాడు మనకు తెలిసినదానిలో అధిక భాగానికి అదే ఆధారం.

ఆయన సేకరించిన ఐతిహ్యం ఇది. పూర్వం ఒకానొక కాలంలో అదృశ్యమైన మహాశక్తి ఒక కట్టడి విధించింది. కుండలు చేసే అధికారం చౌరాకు మాత్రమే. మన్ను పిసకడం, కుండ మలచడం, కాల్చడం మొత్తం స్త్రీలే చేయాలి. ఈ కట్టడిని మీరితే భూకంపమో, ఆకస్మిక మరణమో తప్పదు. ఒకసారి చౌరా స్త్రీ ఒకతె వేరొక దీవికి చుట్టపుచూపుగా వెళ్ళి, ఇక్కడ చేస్తే ఏమవుతుందిలే అనుకొని కుండ మొదలుపెట్టిందట. అక్కడికక్కడే ప్రాణం విడిచిందట.

ఈ కథను మూఢవిశ్వాసమని త్రోసిపుచ్చడం తేలిక. కాని దానిలోని లౌకిక ప్రయోజనాన్ని కూడ గుర్తించాలి. కుండలకు కావలసిన మన్ను చౌరాలో దొరకదు. దానిని తెరెస్సా దీవి నుంచి పడవలలో మోసుకొని రావాలి. మన్ను తెరెస్సాలో ఉండగా, అక్కడివారే కుండలు చేసుకోవడానికి అడ్డమేమిటి? అడ్డం ఆ కట్టడి ఒక్కటే. నేల బీదదైన దీవికి జీవనాధారం చెదరకుండా కాపాడిన కంచె అది. ఇతర దీవులవారు చౌరావారిని మంత్రవిద్యలో ఆరితేరినవారని నమ్మేవారు. ఆ భయం కూడ కంచెకు బలం చేకూర్చింది.

శిక్షల జాబితాలో భూకంపం చేరడం సైతం ఊరక జరిగినది కాదు. భారత భూఫలకం తూర్పుగా బర్మా ఫలకం క్రిందికి దూరిపోయే చోటున ఈ దీవులు ఉన్నవి. 1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ సమీపంలో పుట్టిన పెద్ద భూకంపం వల్ల బంగాళాఖాతమంతటా అలలు లేచాయి. కాళ్ళ క్రింది నేల ఏ క్షణాన కదులుతుందో తెలియని జాతికి అంతకంటె పెద్ద శిక్ష తోచకపోవడం సహజమే.

సారె లేని కుమ్మరం

మన కుమ్మరి ముద్దను సారె మీద పెట్టి, సారె తిరుగుతుండగా వ్రేళ్ళతో పైకి లాగుతాడు. ఆ పని సాధారణంగా పురుషులది. చౌరాలో సారె లేదు, పురుషునికి పని లేదు. కుండ కదలక కూర్చుంటే మనిషి దాని చుట్టూ తిరగడమో, మనిషి కూర్చుంటే కుండను చేత్తో త్రిప్పుకోవడమో జరగాలి. చౌరా స్త్రీ రెండవ మార్గాన్ని ఎంచుకొన్నది.

మాన్ వర్ణించిన పద్ధతి ఇలా సాగుతుంది. పని చేసే స్త్రీ నేలపై కూర్చుండి తెరెస్సా మన్నును చేతులతో నలిపి గులకరాళ్ళను ఏరివేస్తుంది. అందులో సన్నని ఇసుక కలిపి, తగిన పదును వచ్చేవరకు పిసుకుతుంది. కొబ్బరి ఆకుతో చుట్టిన చుట్టకుదురును పలక మీద పెట్టి, దానిలో లోతు తక్కువ గల పాత్రను కూర్చి, లోపల అరటి ఆకు పరుస్తుంది. ఆ పాత్రలో కుండ అడుగుభాగం రూపొందుతుంది. తరువాత మన్నును త్రాడువలె పేని, ఆ త్రాళ్ళను ఒకదానిపై ఒకటిగా పేర్చుతూ, కుండను కొద్దికొద్దిగా త్రిప్పుతూ గోడలు లేపుతుంది. కొలబద్ద లేదు, అచ్చు లేదు. కన్ను, చేయి మాత్రమే సాధనాలు.

పచ్చికుండను ఎండను బట్టి, పరిమాణాన్ని బట్టి ఒకటి రెండు రోజులో అంతకు మించియో ఆరనిస్తారు. ఆరిన తరువాత ఆల్చిప్పతో లోపలి అదనపు మన్నును, వెదురు బద్దతో అంచు చుట్టూ మిగిలినదానిని గీకివేస్తారు. తడి వ్రేళ్ళతో లోపల, వెలుపల నునుపు చేస్తారు.

ఇక కాల్చడం. మన ఊళ్ళలో వందలాది కుండలను ఒక ఆవంలో పేర్చి ఒకేసారి కాలుస్తారు. చౌరాలో ఒక్కొక్క కుండకు ఒక్కొక్క చితి. పగిలిన కుండ పెంకులను నేలలో నిలువుగా గ్రుచ్చి, వాటి నడుమ సన్నని బూడిద పరచి, కొబ్బరి చిప్పలు, పుల్లలు పోగుచేస్తారు. ఆ పెంకుల మీద కుండను బోర్లిస్తారు. కుండ నెత్తిన చక్రం వంటి చట్రాన్ని పెట్టి, దాని అంచుకు ఆనించి చుట్టూ కట్టెలు, కొబ్బరి మట్టలు నిలబెడతారు. కట్టె కుండకు తగలకూడదు. మంట మాత్రమే తగలాలి. ఇద్దరు ముగ్గురు స్త్రీలు చేతుల్లో కర్రలు పట్టుకొని మంటను ఎగదోస్తూ అన్ని వైపులా వేడి సమంగా అందేటట్లు చూస్తారు.

కాలిన కుండను కర్రలతో ఎత్తి సన్నని ఇసుక పరుపు మీద దించుతారు. అది ఇంకా సెగలు గ్రక్కుతూ ఉండగానే పచ్చి కొబ్బరి పీచు పట్టీలను దానికి అద్దుతారు. పట్టీ తగిలిన చోట రసం మాడి నల్లని చార ఏర్పడుతుంది. ఆ తరువాత తడిపిన పీచుతో కుండను లోపల, బయట రుద్దుతారు. మిగిలిన భాగానికి లేత రాగి వన్నె వస్తుంది. రాగి రంగు మీద నల్లచారలు చౌరా కుండకు ఆనవాలు. వారం పది రోజులు గడిచిన తరువాతనే దానిని పొయ్యి మీదికి ఎక్కిస్తారు.

ఇసుక ఎందుకు?

ఈ మొత్తం పనిలో చూపరి దృష్టికి రాకుండా జారిపోయే ఘట్టం ఇసుక కలపడం. నిజానికి కుండ బ్రతుకు దాని మీదనే ఆధారపడి ఉన్నది.

బంకమన్ను సూక్ష్మమైన పలకల వంటి రేణువుల సముదాయం. వాటి నడుమ నీరు ఉన్నంతవరకు అవి ఒకదానిపై ఒకటి జారుతూ ఏ రూపంలోకైనా ఒదుగుతాయి. నీరు ఆరిపోగానే పలకలు దగ్గరకు జరుగుతాయి, కుండ కుంచించుకుపోతుంది. అంచు ముందు ఆరి అడుగు వెనుక ఆరితే ఆ తేడాకు గోడ పగులుతుంది. ఇసుక రేణువు కుంచించుకుపోదు. అది మన్ను మధ్య స్తంభంలా నిలిచి సంకోచాన్ని తగ్గిస్తుంది. మట్టిలోని తేమ వెలుపలికి పోవడానికి సన్నని దారులను ఏర్పరుస్తుంది. ఆవం లేకుండా బయటి మంటలో కాల్చేటప్పుడు వేడి త్వరగా పెరుగుతుంది. తేమకు దారి దొరకకపోతే అది ఆవిరై కుండను బద్దలుచేస్తుంది.

కాలిన తరువాత కూడ ఇసుకకు పని ఉన్నది. వంటకుండ దినదినమూ నిప్పుల మీదికి ఎక్కుతుంది, దిగుతుంది. ఈ వేడి చల్లదనాల తాకిడికి గోడలో వెంట్రుకవాసి పగుళ్ళు పుడతాయి. పగులు సాగిపోయే దారిలో ఇసుక రేణువు అడ్డుపడితే అది ఆగిపోతుంది, లేదా వంకరపోయి బలహీనపడుతుంది. అంటే చౌరా కుండ కేవలం మట్టి కాదు. రెండు భిన్న పదార్థాలు కలిసి, ఏ ఒక్కదానికీ లేని గుణాన్ని సాధించిన మిశ్రమ పదార్థం.

అయితే ఇసుక ఎక్కువైతే మన్ను జిగి తప్పుతుంది, త్రాడు పేనితే తెగిపోతుంది, గోడ నిలవదు. తక్కువైతే పగులుతుంది. ఈ రెంటి నడుమ గల ఇరుకు దారి ఏ పుస్తకంలోనూ వ్రాయబడలేదు. తల్లి చేతిలోని ముద్దను తాకి కూతురు నేర్చుకొన్నది.

జారే గుణం గల రాళ్ళు

ఆధునిక పరిశోధనశాలలలో ఇదే సమస్య మరొక రూపంలో ఎదురవుతున్నది. గ్రీకు భాషలో కుమ్మరి మట్టికి గల పేరు నుంచి సెరామిక్ అన్న మాట పుట్టింది. ఈనాటి సెరామిక్కులు బంకమట్టితో కాక అల్యూమినా, జిర్కోనియా, సిలికాన్ నైట్రైడ్ వంటి శుద్ధమైన చూర్ణాలతో తయారవుతున్నవి. అవి మిక్కిలి గట్టివి. లోహాలు మెత్తబడే వేడిలో కూడ చెక్కుచెదరవు. కాని ఒకదానితో ఒకటి రాసుకొంటే గరగరలాడి అరిగిపోతాయి.

బండి ఇరుసుకు కందెన వేసినట్లు నూనె వేస్తే సరిపోదా? సాధారణ యంత్రానికి సరిపోతుంది. కాని కొన్ని వందల డిగ్రీల వేడిలో నూనె మాడిపోతుంది. అంతరిక్షపు శూన్యంలో ఆవిరైపోతుంది. అందువల్ల కందెనను పై నుంచి పోయడానికి బదులు, వస్తువు శరీరంలోనే కలిపివేసే ఉపాయాన్ని శాస్త్రజ్ఞులు అనుసరించారు. గ్రాఫైట్, మాలిబ్డినం డైసల్ఫైడ్, షట్కోణ బోరాన్ నైట్రైడ్ అనేవి ఘన కందెనలు. వీటి అణువులు పొరలు పొరలుగా అమరి ఉంటాయి. ఒక్కొక్క పొరలో బంధం గట్టిది. పొరకూ పొరకూ నడుమ మాత్రం చాలా బలహీనం. అందుచేత కొద్దిపాటి రాపిడికే పొరలు పేకముక్కలవలె జారుతాయి. సెరామిక్ చూర్ణంలో వీటిని కలిపి, బాగా నూరి, అచ్చులో అదిమి, గాలి తగలని కొలిమిలో ఒత్తిడి మీద కాలిస్తే తనకు తానే కందెన సమకూర్చుకొనే వస్తువు తయారవుతుంది. రాపిడిలో పైపొర అరిగినకొద్దీ లోపలి కందెన బయటపడి రెండు తలాల మీద పలుచని పూతగా పరచుకొంటుంది.

చెప్పినంత సులభమైన పని కాదు ఇది. జారే పదార్థం మెత్తనిది. అది ఎక్కువైతే సెరామిక్ బలం తగ్గుతుంది. తక్కువైతే పూత ఏర్పడదు. పైగా ఒక్కొక్క కందెనకు ఒక్కొక్క హద్దు ఉన్నది. మాలిబ్డినం డైసల్ఫైడ్ శూన్యంలో చక్కగా పనిచేస్తుంది, కాని గాలిలో సుమారు 400 డిగ్రీల వద్ద చెడిపోతుంది. గ్రాఫైట్ అందుకు విరుద్ధం. దానికి గాలిలోని తేమ తోడుండాలి, శూన్యంలో అది జారదు. కాల్షియం, బేరియం ఫ్లోరైడులు బాగా వేడెక్కితే కాని జారుడు గుణాన్ని చూపవు. అందువల్లనే అమెరికా అంతరిక్ష సంస్థ నాసావారి క్లీవ్‌లాండ్ పరిశోధనశాలలో రూపొందిన ఒక పూతలో క్రోమియం ఆక్సైడ్ అనే సెరామిక్‌తో పాటు, తక్కువ వేడికి వెండిని, ఎక్కువ వేడికి ఈ ఫ్లోరైడులను జతచేశారు. మన హైదరాబాదు శివారున బాలాపూర్‌లోని అంతర్జాతీయ చూర్ణ లోహశాస్త్ర పరిశోధన కేంద్రం కూడ ఇటువంటి నూతన సెరామిక్కుల, మిశ్రమాల రంగంలో కృషి చేస్తున్నది.

ఇంత దూరం పోనక్కరలేదు. బడిపిల్లవాని చేతిలోని పెన్సిలు ఇటువంటి మిశ్రమమే. 1795లో ఫ్రాన్సుకు ఇంగ్లండు గ్రాఫైట్ దొరకని యుద్ధకాలంలో, నికొలా జాక్ కాంటే గ్రాఫైట్ పొడిని బంకమట్టితో కలిపి కాల్చి పెన్సిలు పుల్లను తయారుచేశాడు. మట్టి ఎక్కువైతే పుల్ల గట్టిపడుతుంది, గ్రాఫైట్ ఎక్కువైతే మెత్తగా, నల్లగా వ్రాస్తుంది. మన తూర్పు కనుమల శిలలలోనూ గ్రాఫైట్ దొరుకుతున్నది. కాగితం మీద పెన్సిలు అంత సుతారంగా సాగడానికి కారణం పొరల జారుడు. విరగకుండా నిలవడానికి కారణం కాలిన మట్టి.

చౌరా స్త్రీకి ఈ పేర్లు తెలియవు. కాని మట్టిలో మరొకటి కలిపితే ఏది వస్తుందో, బదులుగా ఏది పోతుందో ఆమెకు తెలుసు. పరిశోధకుడు శాతాలలో కొలిచేదానిని ఆమె అరచేతితో కొలిచింది.

కుండ నడిచిన దారి

చౌరా కుండలు పరిమాణాన్ని బట్టి రకరకాలు. పెద్దవాటిలో నికోబారీలు తమ ముఖ్యాహారమైన మొగలి జాతి పండును ఉడికించి, ముద్ద చేసి తినేవారు. పంది మాంసం వండేవారు. మనిషి చనిపోతే అతని వస్తువులతో పాటు కుండలనూ సమాధి వద్ద పగులగొట్టే ఆచారం ఉండేది. అందువల్ల కుండలకు గిరాకీ ఎన్నడూ తీరేది కాదు.

వర్తకం కేవలం కుండలతో ఆగలేదు. కార్ నికోబార్‌వారికి సముద్రయానానికి తగిన పెద్ద పడవలు కావాలి. అటువంటి పడవలను దక్షిణపు దీవులలో, అడవులున్న చోట తొలుస్తారు. చౌరావారు వాటిని అక్కడ కొని, ఉత్తరాన కార్ నికోబార్‌వారికి అమ్మేవారు. చెట్టు లేని దీవి పడవల బజారు అయింది, మన్ను లేని దీవి కుండల బజారు అయింది. కార్ నికోబార్ నుంచి యేటేటా పడవలు బారులు తీరి, రాత్రులు నక్షత్రాలను గురిగా పెట్టుకొని 80 కిలోమీటర్ల బహిరంగ సముద్రాన్ని దాటి చౌరాకు వచ్చేవి. మొదటిసారి ఆ ప్రయాణం చేసే యువకునికి అది ఒక దీక్ష వంటిది.

తిరుగు ప్రయాణంలో పడవ నిండా కుండలు. ఒక అల విరుచుకుపడితే నెలల శ్రమ గంగపాలు. అయినా ఆ రాకపోకలు తరతరాలు సాగాయి. వేర్వేరు భాషలు మాట్లాడే దీవులను ఒక సమాజంగా కట్టి ఉంచిన త్రాళ్ళలో ఈ వర్తకం ముఖ్యమైనది.

ఒక విద్య ఎలా అడుగంటుతుందో అండమాన్ వైపు చూస్తే తెలుస్తుంది. దక్షిణ అండమాన్‌లోని చౌల్దారి వద్ద జరీన్ కూపర్ అనే పురాతత్త్వవేత్త త్రవ్వించిన గవ్వల దిబ్బ వయస్సు సుమారు 2,200 సంవత్సరాలు. అందులో తిని పారవేసిన ఆల్చిప్పలతో పాటు మట్టికుండల పెంకులు దొరికాయి. అండమాన్ ఆదివాసులకు కూడ ఒకనాడు సొంత కుమ్మరం ఉండేదన్నమాట. వలస పాలకులతో పరిచయమైన తరువాత ఇనుప, తగరపు పాత్రలు వచ్చాయి. కుమ్మరం కనుమరుగైంది.

అల్యూమినియం, ఆపైన సముద్రం

చౌరాకు కూడ అదే గాలి సోకింది. కొబ్బరి కురిడీలు కొనడానికి వచ్చే వర్తకుల వెంట లోహపు గిన్నెలు వచ్చాయి. అవి తేలిక, పగలవు, సముద్రం దాటి మన్ను తేనక్కరలేదు. ఇరవయ్యవ శతాబ్దంలో మతం మారింది, బడులు వచ్చాయి, ప్రభుత్వ ఓడలు వచ్చాయి. పాత కట్టడి పట్టు సడలింది. కట్టడి సడలినందువల్ల ఇతర దీవులవారు కుమ్మరం మొదలుపెట్టలేదు. ఎవరికీ కుండ అవసరం లేకుండా పోతూ వచ్చింది, అంతే.

అటువంటి సమయంలో 2004 డిసెంబర్ 26 ఆదివారం ఉదయం ఆరున్నర గంటల వేళ సుమత్రా సమీపంలో 9.1 తీవ్రత గల భూకంపం పుట్టింది. నికోబార్ దీవుల నేల అడుగుల కొలదిగా క్రుంగింది. ఆ వెనువెంటనే సముద్రం లేచింది. చదునైన చౌరా మీద తీరపు ఊళ్ళు, తోటలు, పడవలు కొట్టుకుపోయాయి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్న తెలుగు సామెత ఇంతటి భీకరమైన అర్థంలో ఎన్నడూ ఋజువై ఉండదు.

బ్రతికినవారిని పడవలలో, ఓడలలో తెరెస్సాకు తరలించారు. ఏ దీవి మన్ను కోసం వారి తల్లులు తరతరాలుగా సముద్రం దాటి వెళ్ళారో ఆ దీవిలోనే వారు శరణార్థులుగా తలదాచుకొన్నారు. తెరెస్సా పెద్ద దీవి, ఎత్తైన నేల ఉన్నది. అక్కడే ఉండిపోవడం అనేక విధాల సుఖం. కాని చౌరావారు తమ దీవికే తిరిగిపోవాలని కోరుకొన్నారు, తిరిగిపోయారు. నీటికి కటకటపడే ఆ చదును నేల మీద మళ్ళీ ఇళ్ళు లేచాయి.

సహాయ శిబిరాల ద్వారా అల్యూమినియం, స్టీలు పాత్రలు ఇంటింటికీ చేరాయి. ఆకలితో ఉన్నవారికి గిన్నె ఇవ్వడం తప్పు కాదు. కాని ఆ గిన్నెలు కుండ అవసరాన్ని మరికొంత తగ్గించాయి. పడవలు పోయినందువల్ల మన్ను తెచ్చే మార్గమూ మూసుకుపోయింది. మన్ను, పడవ, గిరాకీ, నేర్చుకొనే కూతురు అనే నాలుగు స్తంభాలూ ఒకేసారి కదిలిపోయాయి.

మిగిలినది

ఎడ్వర్డ్ మాన్ సేకరించిన నికోబార్ వస్తువులు ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్నాయి. శ్రీ విజయపురంలోని మానవశాస్త్ర మ్యూజియంలో సైతం నికోబారీల గృహసామగ్రి కనిపిస్తుంది. అద్దాల వెనుక భద్రపరచిన కుండ పగలదు. కాని అది వంట చేయదు. దానిని చూచి ఇసుక ఎంత కలపాలో తెలుసుకోవడానికి వీలు లేదు. పరిశోధనశాలలో ఆ పెంకును కోసి సూక్ష్మదర్శినితో చూస్తే ఇసుక రేణువుల పరిమాణం, పరిమితి తెలియవచ్చు. ఎంతవరకు పిసికితే పదును వస్తుందో, మంట ఏ రంగుకు వచ్చినప్పుడు కర్ర త్రిప్పాలో, పీచు అద్దడానికి ఎంత వేడి తగునో మాత్రం తెలియదు. ఆ జ్ఞానం ఉన్నది చేతులలోనే.

ఈ విద్యను నిలబెట్టడానికి చేయదగిన పనులు గొప్ప ఖర్చుతో కూడినవి కావు. తెరెస్సా మన్ను చౌరా తీరానికి చేరే ఏర్పాటు ఉండాలి. పెద్దలైన స్త్రీలు పని చేస్తుండగా ఆడపిల్లలు ప్రక్కన కూర్చుండే తీరిక బడి సెలవులలో దొరకాలి. చేసిన కుండకు తగిన వెల రావాలి. ఏది చేసినా అది చౌరా స్త్రీల ఇష్టంతో, వారి పెద్దల అనుమతితో జరగాలి. ఒకనాడు ఈ విద్యకు కంచె వేసుకొన్నది వారే. ఆ కంచె తలుపు తెరవవలసినదీ వారే.

వేడిని, శూన్యాన్ని తట్టుకొని జారే సెరామిక్ కోసం ప్రపంచంలోని పరిశోధనశాలలు ఈనాటికీ పాళ్ళు మార్చి మార్చి పరీక్షిస్తున్నవి. ఆ పరీక్షల ఫలితాలు పత్రికలలో అచ్చవుతాయి, ఒకరి తరువాత ఒకరు వాటిని అందుకొంటారు. చౌరా పాళ్ళు అచ్చుకాలేదు. ఒక ముసలి చేయి పిసుకుతున్న ముద్దను ఒక పసిచేయి తాకినంతకాలమే అవి ఉంటాయి.